పొగ తాగుతారా

రిజిస్టరులో ఏడో గడి:
పొగ తాగుతారా? అవును, లేదు.

కుడుపూడి పళ్ళాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
"ఛఛ, మా అత్త అడ్డపొగ కాల్చేది గానీ
నేనెరగనండి" అంది.
'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.
ఆశా వర్కరుని, అడిగింది రాసుకోవడం నా పని.

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆవిడ కూర్చునే గది
ఆరడుగులిటు, ఏడడుగులటు.
కిటికీ ఉంది, గోనెపట్టా వేసి మేకులు కొట్టేశారు.
ఫ్యాను ఉంది, పెళ్ళిలో ఇచ్చినది, అట్టపెట్టెలోనే.
పలచటి పిండిలో ముంచిన గుడ్డని
బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగితే
లేచి వచ్చే ఆ తెల్లటి పొర
పక్కన ఎవరైనా తుమ్మినా చిరుగుతుంది.

అందుకని గాలి బయటే ఉంటుంది.
గోదారి మీంచి బయల్దేరి
లాకుల దగ్గర ఇంత తుంపర అంటించుకుని
అరటాకులన్నీ చీల్చుకుంటూ వచ్చి
ఈ గుమ్మం ముందు ఆగిపోతుంది,
పిలవని పేరంటానికొచ్చినట్టు.
లోపల కొబ్బరిమట్టల పొగ.
పక్క కుండ దగ్గర కోడలు భవాని,
దాని వెనక ఉయ్యాల్లో ఎనిమిది నెలల పిల్ల.
గదిలో పిల్లి లేదు,
పిల్లికూతలు వినిపిస్తాయి.

మొన్న పళ్ళాలమ్మని కొత్తపేట తీసుకెళ్ళాను.
ఆసుపత్రి మెట్ల మీద మూడుచోట్ల ఆగింది.
చెప్పు జారిందని ఒకసారి,
గోడ మీద బొమ్మ చూద్దామని ఒకసారి.
మూడోసారి వంక దొరకలేదు.

కుర్రాడొకడు గొట్టం చేతికిచ్చి
"ఊదండమ్మా, గట్టిగా, ఊదండి ఊదండి" అన్నాడు.
పళ్ళాలమ్మ నవ్వింది.
ఊదడం ఆవిడకి నేర్పాలా?
పొయ్యి దగ్గరి ఇనప ఊదుగొట్టం
ఆవిడ పెదాలు ఆనే చోట అరిగి మెరుస్తుంది.
శ్రావణంలో తడిసిన మట్టల్ని కూడా
మంటకి ఒప్పించిన ఊపిరి.

ఊదింది.
తెర మీద గీత కాస్త లేచి
ఏటిగట్టు దిగినట్టు దిగిపోయింది.
మళ్ళీ అన్నాడు. మళ్ళీ.
దగ్గు తెర వచ్చి బల్ల పట్టుకుంది.
"రోజుకెన్ని బీడీలు?" అన్నాడు, తలెత్తకుండానే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది.
ఊపిరితిత్తుల్లో గాలి దాటే పొర, చాలా పలచన అంది.
"రేకులాగానా అండి?"
"అంతకన్నా పలచన."
"అంతకన్నా పలచన ఎవరు తీస్తారండి!"
అంది పళ్ళాలమ్మ, కొంచెం పౌరుషంగా.

తిరుగు బస్సులో పలకలేదు.
రావులపాలెం దాటాక అడిగింది:
"చిరిగితే ఇంకోటి వేసుకోవచ్చా?
మేమైతే మళ్ళీ గుడ్డ ముంచుతాం కదా."
నేను కిటికీ అద్దం పక్కకి జరిపాను.
అంతకుమించి ఏం చెప్పాలో తెలీలేదు.

గ్యాసు మీద తీయొచ్చుగా అన్నాను ఇంటి దగ్గర.
కుండంతా ఒక్కలా కాలదట, రేకు మచ్చ పడుతుందట.
పైకి పొగగొట్టమైనా కట్టించండి అంటే
ఇల్లుగలాయన్ని అడగాలి అంది భవాని,
అడగబోయే మొహంతో కాదు.

నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడిచి
పెట్టెల్లో పెట్టి ఊళ్ళూళ్ళకి పంపుతారు.
పెళ్ళి భోజనాల్లో నేనూ తిన్నాను.
నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది,
ఒక్క పొరకీ పొగవాసన ఉండదు.
ఉండకూడదు, అదే పనితనం.
మరి ఆ పొగంతా ఎటు పోయిందని
ఏ పంక్తిలోనూ ఎవరూ అడగగా వినలేదు,
నేనూ అడగలేదు.

రాత్రి రిజిస్టరు తెరిచాను.
ఏడో గడిలో 'లేదు' కొట్టేసి
'అవును' దగ్గర టిక్కు పెట్టాను.
ఉయ్యాల్లో పిల్లకి ఈ గడి లేదు,
అంచున ఖాళీ ఉంటే పేరు రాశాను.
పళ్ళాలమ్మకి ఎనిమిదో గడి మిగిలింది:
రోజుకి ఎన్ని?

మూడొందల రేకులు.